గేర్ బాక్స్ మార్చేద్దాం అనగానే తల ఊపకండి: పికప్ ఓనర్లకు ఒక హెచ్చరిక

నూజివీడు చుట్టుపక్కల తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు తోలే పికప్ నాది. మొన్న సీజన్‌లో గేర్ బాక్స్ విషయంలో నేను మోసపోయాను. ఇంకో డ్రైవర్ అన్న అలా పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి.

ఏప్రిల్‌లో బండి నుంచి ఒక శబ్దం మొదలైంది. న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీద నుంచి కాలు తీస్తే గుర్రుమని వచ్చేది, క్లచ్ తొక్కితే ఆగిపోయేది. గేర్లన్నీ బాగానే పడుతున్నాయి, లాగుడు కూడా తగ్గలేదు. కానీ సీజన్ మధ్యలో బండి ఆగిపోతే కిస్తీ ఎలా కట్టాలా అని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పారని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను.

అక్కడి మెకానిక్ బండి ఒక రౌండ్ తోలి వచ్చి, "అన్నా, బాక్స్ అయిపోయింది. విప్పితే వారం పడుతుంది, ఖర్చు ఎంతవుతుందో చెప్పలేను. రీకండిషన్ బాక్స్, అంటే పాతదే లోపల బాగుచేసిన బాక్స్, రెడీగా ఉంది, రేపు సాయంత్రానికి బండి ఇచ్చేస్తా, ఆరు నెలలు గ్యారంటీ" అన్నాడు. బాక్స్ 48 వేలు, దింపి ఎక్కించడానికి 4,500, నా పాత బాక్స్ ఇచ్చేస్తే 6 వేలు తగ్గింపు. వారం ఆగితే పోయే కిరాయిలు లెక్కేసుకుని సరే అన్నాను. నా బాక్స్ విప్పి చూపించమని అడగలేదు. అక్కడే దెబ్బతిన్నాను.

మర్నాడు బండి ఇచ్చారు. బాక్స్‌కి కొత్తగా వెండి రంగు పెయింట్ వేసి ఉంది, శబ్దం అస్సలు లేదు. కాకపోతే పొద్దున్నే బండి తీసేటప్పుడు గేర్లు చాలా గట్టిగా పడేవి, పది కిలోమీటర్లు తిరిగాక సర్దుకునేవి. "కొత్తది కదన్నా, సెట్ అవుతుంది" అన్నారు ఫోన్‌లో. నమ్మాను.

పదకొండో రోజు లోడుతో వస్తూ ఆగిరిపల్లి దాటాక ఒక దిగుడులో ఉన్నాను. మూడో గేరులో ఉన్న బండి ఒక్కసారిగా న్యూట్రల్‌లోకి వచ్చేసింది. వెనక టన్నున్నర కాయ, ముందు స్కూటర్ మీద భార్యాభర్తలు, మధ్యలో ఒక పాప. ఇంజిన్ పట్టు పోయి బండి ముందుకు దొర్లుతుంటే బ్రేకు మీద నిలబడ్డాను. ఏమీ కాలేదు, దేవుడి దయ. ఇప్పటికీ ఆ పాప వెనక్కి తిరిగి చూసిన చూపు గుర్తొస్తే చేతులు వణుకుతాయి.

షెడ్డుకి వెళితే "ఓవర్ లోడు వేశావు, గ్యారంటీ వర్తించదు" అన్నారు. కాటా చీటీ చూపించాను, పట్టించుకోలేదు. మరి నా పాత బాక్స్ తిరిగి ఇచ్చేయమంటే, అప్పుడే స్క్రాప్‌కి వెళ్లిపోయిందన్నారు.

ఆ తర్వాత మా ఊరి దగ్గరే ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. బాబాయ్ అని పిలుస్తాం అందరం. ఆయన ముందుగా చేసిన పని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బాక్స్ కింద తొట్టి పెట్టి డ్రైన్ బోల్ట్ విప్పడం. ఆయిల్ ధారగా పడలేదు, ముదురు పాకంలా సాగుతూ పడింది. మే నెల ఎండలో కూడా! గేర్ బాక్స్‌లో పోయాల్సిన దానికంటే బాగా చిక్కటి ఆయిల్ పోశారు. చిక్కటి ఆయిల్ అరిగిన బేరింగుల శబ్దాన్ని కొన్నాళ్లు కప్పేస్తుంది. పొద్దున్నే గేర్లు గట్టిగా పడింది కూడా దానివల్లే. చల్లగా ఉన్నప్పుడు ఆ చిక్కదనంలో సింక్రో రింగులు, అంటే గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే రింగులు, సరిగా పట్టుకోలేవు. బోల్ట్‌కి ఉన్న అయస్కాంతం నిండా బూడిదరంగు ముద్ద. బాబాయ్ వేళ్లతో నలిపి చూపిస్తే అందులో ఇనుప పొట్టు గరగరలాడింది.

విప్పాక ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. బేరింగ్ లోపలి దారి మీద గోరు పెట్టి లాగితే గుంటలు తగులుతున్నాయి. మూడో గేరు పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి, లోడు పడినప్పుడు గేరుని పట్టి ఉంచే స్లీవ్ జారి గేరు ఊడిపోవడానికి అదే కారణం. పైన పెయింట్, లోపల పాత సామాను. ఒక్క బేరింగ్ కూడా మార్చలేదు.

ఆయన చెప్పిన ఇంకో మాట విని కడుపు రగిలిపోయింది. న్యూట్రల్‌లో వచ్చి క్లచ్ తొక్కితే ఆగే శబ్దం చాలావరకు బాక్స్ ముందు షాఫ్ట్ బేరింగ్‌దేనట. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే వస్తే క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్‌ని అనుమానించాలి. గేర్లు శుభ్రంగా పడుతున్న నా పాత బాక్స్‌కి బహుశా బేరింగులు, సీళ్లు వేస్తే సరిపోయేది. మంచి బాక్స్ ఇచ్చేసి, చచ్చిన బాక్స్‌కి ఎదురు డబ్బు కట్టాను. ఇప్పుడు బేరింగ్ సెట్, మూడో గేరు, స్లీవ్, సింక్రో రింగులు, కూలీ కలిపి ఇంకో 23 వేలు అయింది. తొమ్మిది రోజుల కిరాయిలు పోయాయి.

రీకండిషన్ బాక్సులన్నీ చెడ్డవని నేను అనడం లేదు. కేసింగ్ పగిలితేనో, లోపల గేర్లు విరిగి అన్నీ పాడైతేనో మార్చడమే మంచిది కావచ్చు. కానీ మీ బాక్స్ మీ కళ్ల ముందు విప్పకుండా దేనికీ ఒప్పుకోకండి. విప్పిన కూలీ అదనంగా ఇచ్చినా పర్వాలేదు. బండి వదిలే ముందే కేసింగ్ మీద ఉన్న నంబరు ఫొటో తీసుకోండి. వాళ్లు వేసే బాక్స్‌నైనా ఎక్కించకముందే పై మూత తీయించి పళ్లు చూడండి. ఆయిల్ మాత్రం మీరే కొని, బండి మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ చూసి సీల్ డబ్బా తెచ్చి ఇవ్వండి. అక్కడ గేర్ ఆయిల్ రకం జీఎల్-4 అని ఉంటే జీఎల్-5 పోయనివ్వకండి, కొన్ని జీఎల్-5 ఆయిళ్లు ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి. ట్రయల్ ఖాళీ బండితో కాదు, లోడుతో వేయండి.

నేను చేసిన ఇంకో తప్పు కచ్చా బిల్లు. తెల్ల కాగితం మీద "గేర్ బాక్స్ 1" అని రాసిచ్చారు, గ్యారంటీ మాట అందులో లేదు. డబ్బు ఫోన్‌లో కొట్టాను కాబట్టి ఆ ఆధారం ఒక్కటే మిగిలింది. దానితోనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. కిరాయి బండ్లకి వినియోగదారుల రక్షణ చట్టం వర్తించదని కొందరు భయపెడతారు. 2019 చట్టంలోనే ఉంది, సొంతంగా బతుకుతెరువు కోసం మాత్రమే వాడుకునేవాళ్లు కూడా వినియోగదారులే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి ఫీజు కూడా లేదు. నేను వేయబోతున్నాను. విప్పినప్పుడు బాబాయ్ తీయించిన ఫొటోలు, పాత బేరింగులు సంచిలో భద్రంగా ఉన్నాయి.

మీ బండి ఈ రోజు ఏదైనా షెడ్డులో బాక్స్ దింపి ఉంటే, ఇంకా ఆలస్యం కాలేదు. ఇప్పుడే వెళ్లి మీ పాత బాక్స్ ఎక్కడుందో చూడండి, దాని నంబరు ఫొటో తీసుకోండి, లెక్క తేలేదాకా దాన్ని అక్కడి నుంచి కదలనివ్వకండి.