కడియపులంకలో దుంపలు కొనండి, మొక్కలైతే మాత్రం కవరు విప్పించి చూడండి

మాది తణుకు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి, ఈ రెండు గోదావరి పాయలూ దాటితే కడియపులంక వచ్చేసినట్టే. పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లాక మా ఆయనా నేనూ ఓ ఆదివారం వెళ్లాం. ఆదివారం వెళ్లడం మొదటి తప్పు. కార్లు పెట్టుకోడానికి చోటుండదు, కొట్లో కుర్రాళ్లకి మాట్లాడే తీరిక ఉండదు. అక్కడ నర్సరీలు వందల్లో ఉంటాయి. నేను కొన్న నర్సరీ పేరు రాయడం లేదు. మంచీ చెడూ రెండూ చెప్పబోతున్నాను మరి.

బిల్లు 990 రూపాయలయింది. 20 నేలసంపెంగ దుంపలు 160, ఫుట్‌బాల్ లిల్లీ దుంపలు మూడు 210, ఓ కవరు వాన లిల్లీ 60. మిగిలిన 560 పూలు విరగబూసి ఉన్న నాలుగు చామంతి కుండీలకీ, రెండు కనకాంబరం మొక్కలకీ పోయింది. ఏడాది తిరిగేసరికి దుంపల్లో నేలసంపెంగవి రెండే పోయాయి. మొక్కలు ఆరింటిలో మిగిలినవి రెండు.

దుంపలు ఏరుకునే పని నాకు వదిలేశాడు ఆ కొట్టు పెద్దాయన. గోనె సంచి నేల మీద కుమ్మరించి, "మీకు నచ్చినవి తీసుకోండమ్మా" అన్నాడు. చిన్నవి తీసుకుంటే మొదటి ఏడాది ఆకులతోనే సరిపెట్టుకోవాలి, అందుకని నా బొటనవేలికంటే లావున్నవే తీశాను. అడుగుభాగం నొక్కితే మెత్తగా తగిలినవి పక్కన పడేశాను. మెత్తబడిందంటే లోపల కుళ్లు మొదలైనట్టే. ఇంత చూసి కొన్నా, చివర్లో పాలిథిన్ కవర్లో వేసి గాలాడకుండా ముడి కట్టేశాడు. ఇంటికొచ్చి నేను మూడు రోజులు దాన్ని విప్పలేదు. ఆ పోయిన రెండూ అలాగే పోయాయి. కాగితం సంచి అడగండి, లేదంటే ఇంటి నుంచి గుడ్డ సంచి పట్టుకెళ్లండి.

డబుల్ రకం అని చెప్పి ఇచ్చిన నేలసంపెంగ మే నెలలో ఒంటిరేకగా పూసింది. మొగ్గలకి లేత గులాబీ ఛాయ ఉంది, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల ప్రజ్వల్ రకమేమోనని నా అనుమానం. కూజాలో పెట్టుకోడానికి డబుల్ కావాలని అడిగింది మా కోడలు. మా అత్తగారికి మాత్రం ఇదే నచ్చింది, ఎందుకంటే వాసన ఒంటిరేక దానికే ఎక్కువ, దండకీ అదే బాగుంటుంది. ఏది ఏమైనా చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి. దానికి అర మార్కు కోత.

ఫుట్‌బాల్ లిల్లీ విషయంలో ఆయన చెప్పిన మాట విలువ 210 రూపాయల కంటే ఎక్కువే. "దుంప మెడ మట్టి పైకి కనబడాలమ్మా, మొలక వచ్చేదాకా నీళ్ల జోలికి పోకండి" అన్నాడు. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది, కుండీలో ఏమీ లేదు. చచ్చిందేమోనని ఒక దుంపని తవ్వి చూశాను కూడా, గట్టిగానే ఉంది. ఏప్రిల్ ఆఖర్లో ఓ వాన పడింది. మే రెండో వారంలో ఆకు రాకుండానే కాడ లేచి, వంద పైచిలుకు సన్నపూలతో ఎర్రటి బంతి విచ్చింది. ఉన్నది వారం రోజులే. తర్వాత ఆకులు ఎదిగి, చలికాలంలో పండిపోయాయి. దుంప మళ్లీ పడుకుంది, నేనూ నీళ్లు మానేశాను. ఒక జాగ్రత్త, అది చూడ్డానికి ఉల్లిపాయలా ఉంటుంది గానీ విషం. పిల్లలకి, పశువులకి అందకుండా పెట్టండి.

వాన లిల్లీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డాబా మీద పగిలిన బేసిన్లో పెట్టాను, తొలకరి పడ్డ నాలుగు రోజులకి గులాబీ రంగు పరిచింది.

అన్నట్టు ఆ వరసలోనే ఒక కొట్టు ముందు తులిప్ బొమ్మ వేలాడదీశారు. శ్రీనగర్లో తులిప్ తోట తెరిచారంటే అక్కడ చలి ఉంది కాబట్టి. ఆ దుంపకి మూడు నెలలు చలి తగలాలి. తణుకులో దాన్ని ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కన పడుకోబెట్టాలి, అంత చేసినా మరుసటి ఏడు పూయదు.

ఇక మొక్కల సంగతి. చామంతి వేళ్ల చుట్టూ జిగురుమట్టి గట్టిగా ముద్ద చేసి ఉంది. నీళ్లు పోస్తే పక్కల నుంచి జారిపోతాయి, లోపల వేరుకి తడి అందదు. ఏప్రిల్‌కి రెండు ఎండిపోయాయి. మిగిలిన రెంటినీ కత్తిరించి, పిలకలొచ్చాక గేటు పక్కన పెట్టాను. నవంబర్లో పక్కింటివాళ్ల చామంతులన్నీ మొగ్గలు తొడిగితే, మావి ఆకులతో కళకళలాడుతున్నాయి. తప్పు నాదే. గేటు మీద వీధిదీపం ఉంది, చామంతికేమో పొడుగాటి చీకటి రాత్రులు కావాలి. డిసెంబర్లో వెనక వైపుకి మార్చాక మొగ్గలొచ్చాయి.

కనకాంబరాల తప్పు మాత్రం నాది కాదు. ఆగస్టుకి ఆకులు పసుపుపచ్చగా మారి వాడిపోతుంటే పీకి చూశాను. వేళ్ల నిండా పూసల్లాంటి బుడిపెలు, అంటే నులిపురుగులు. ఆ మట్టి నుంచి అవి నేలసంపెంగకీ ఎక్కుతాయి. మొక్కల్ని తగలబెట్టి, మట్టి పారబోసి, ఆ పురుగుల్ని తగ్గిస్తుందని ఆ మడిలో బంతి వేశాను.

నా లెక్కలో దుంపలకి అయిదుకి నాలుగున్నర, మొక్కలకి ఒకటిన్నర.

ఈ జనవరిలో మళ్లీ అదే కొట్టుకి, ఈసారి మంగళవారం వెళ్లాం. దుంపలు కొనలేదు. ఒకసారి పూసిన నేలసంపెంగ దుంప మళ్లీ పూయదు గానీ, చుట్టూ పిలకలు బోలెడు పెడుతుంది, అవే నాకు చాలు. కనకాంబరాలు అడిగాను. డబ్బులిచ్చే ముందు కవరు విప్పి వేళ్లు చూపించమంటే అక్కడి కుర్రాడు నవ్వాడు. "మొక్క కొంటారా, మట్టి కొంటారా అమ్మగారూ?" "రెండూ కలిపే అమ్ముతున్నావు కదా బాబూ" అన్నాను. విప్పాడు. మూడోదాని వేళ్లు శుభ్రంగా ఉన్నాయి, అదొక్కటే తెచ్చుకున్నాను.