ఒత్తకండి, పట్టుకోండి: కీమో రోజుల్లో పాదాల మర్దన, రెండున్నరేళ్ళ వాడకం తర్వాత

లుకేమియా (రక్త క్యాన్సర్) రోగికి పాదాల మర్దన మంచిదని ఎవరు చెప్పినా ముందు ఒక్కటి అడగండి: ఎంత బరువుతో? ఏ నూనె, ఏ వేళ, ఏ బిందువు అన్నవన్నీ ఆ తర్వాతే. ఏ.ఎల్.ఎల్. అనే రకం లుకేమియాకు ఇచ్చే కీమోలో, మొదటి దశ ఇండక్షన్ నుంచి చివరి దశ మెయింటెనెన్స్ దాకా, మా ఇంటి రోగికి వార్డులోనూ ఇంట్లోనూ వాడిన మీదట గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. చెయ్యి తేలికగా ఉన్నన్నాళ్ళూ మంచి తోడుగా ఉంది. బరువు పెరిగిన ఒక్క సాయంత్రం హాని చేసింది.

చివరికి నిలబడిన పద్ధతి చాలా చిన్నది. ఉంగరాలు, గాజులు తీసేసి, గోళ్ళు కత్తిరించుకుని, సబ్బుతో కనీసం 40 సెకన్లు చేతులు కడగాలి. రెండు పాదాలకూ కలిపి అర టీస్పూను కొబ్బరినూనె చాలు. అందరూ వేళ్ళు ముంచే సీసా వద్దు, రోగికంటూ చిన్న సీసా ఉండాలి. వాసన నూనెలు, బామ్‌లు మానేయండి. కీమో వారంలో వాసనే వాంతికి మొదటి మెట్టు. మడమను ఒక అరచేతిలో, పాదం పైభాగాన్ని ఇంకో అరచేతిలో పెట్టుకుని ఒక నిమిషం కదలకుండా పట్టుకోవాలి. తర్వాత వేళ్ళ నుంచి చీలమండ వైపు, ఊపిరి తీసి వదిలినంత నిదానంగా, పూర్తి అరచేత్తో రాయాలి. బొటనవేలి కొనతో ఎక్కడా పొడవకూడదు. ఒక్కో పాదానికి పది నిమిషాలు దాటనివ్వకండి, నీరసం ఎక్కువున్న రోజు ఐదు చాలు. అయ్యాక నూనె శుభ్రంగా తుడవాలి. నూనె పాదాలతో వార్డు బాత్రూం టైల్స్ మీద జారితే, ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి ఆ దెబ్బ మామూలు దెబ్బ కాదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. ఇండక్షన్‌లో రెండో వారం, ఆదివారం. పొద్దున రిపోర్టులో ప్లేట్‌లెట్లు 14,000. ఊరి నుంచి చూడ్డానికొచ్చిన పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని పిక్కలు పట్టారు. మన ఇళ్ళల్లో ఒళ్ళు పట్టడమంటే ప్రేమ, పట్టు ఎంత గట్టిగా ఉంటే ప్రేమ అంత ఉన్నట్టు. "నొప్పిగా ఉందా నాన్నా?" అని ఆమె అడుగుతూనే ఉన్నారు. "హాయిగా ఉంది పెద్దమ్మా, ఇంకాసేపు" అన్నదే జవాబు. ఇరవై నిమిషాలు, రెండు బొటనవేళ్ళతో.

మర్నాడు పొద్దున పిక్కల మీద బొటనవేలంత నీలిమచ్చలు. చీలమండల చుట్టూ ఎర్రచుక్కలు, వేలితో నొక్కినా మాయం కానివి. డ్యూటీ డాక్టరుకు అవి ఒత్తిడి వల్ల వచ్చాయో, లోపల రక్తస్రావం మొదలైందో చూపుతోనే తేల్చడం సాధ్యం కాదు. ఆస్పరాజినేస్ అనే కీమో మందు ఎక్కుతున్న రోగి కాబట్టి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ పడిపోయి ఉండొచ్చన్న అనుమానం న్యాయమే. గడ్డకట్టే తీరు చూసే పీటీ, ఏపీటీటీ, ఫైబ్రినోజెన్‌ పరీక్షలకు మళ్ళీ రక్తం తీశారు, ప్లేట్‌లెట్లు ఎక్కించారు. కారణం ఒత్తిడేనని తేలేసరికి ఒక రోజంతా భయంతోనే గడిచింది. మచ్చలు నీలం నుంచి ఆకుపచ్చకు, అక్కణ్ణుంచి పసుపుకు మారి పోవడానికి రెండు వారాలు పట్టింది.

ఇందులో పెద్దమ్మ తప్పు పట్టడానికేం లేదు. తప్పు జరిగే తీరు అర్థం చేసుకోవాలి. నడిచినా, కూర్చున్నా సన్నటి రక్తనాళాలకు చిన్న చిన్న చిల్లులు పడుతూనే ఉంటాయి, ప్లేట్‌లెట్లు అప్పటికప్పుడు పూడుస్తాయి. అవి లేనప్పుడు బొటనవేలి ఒత్తిడికి పడిన చిల్లు పూడదు. కానీ ఆ క్షణంలో నొప్పి ఉండదు, హాయిగానే ఉంటుంది. మచ్చ తేలేది గంటల తర్వాత. అంటే ఒత్తే చేతికి గానీ, ఒత్తించుకునే మనిషికి గానీ హెచ్చరిక అందదు. "నొప్పి ఉంటే చెప్పు" అన్న మాట ఇక్కడ అసలు పనికిరాదు.

అందుకే ఇప్పుడు చూసేది రిపోర్టునే. డాక్టరును అడిగి పెట్టుకున్న లెక్క: ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉంటే ముందు చెప్పినట్టు తేలికగా నూనె రాయడం, 50,000కూ 20,000కూ మధ్య అలాగే రాయడం సగం సేపు, 20,000 లోపు పట్టుకోవడం మాత్రమే. పొద్దున తీసిన రక్తం సాయంత్రానికి పాత కబురు. కౌంట్లు (రక్తకణాల అంకెలు) పడిపోతున్న వారంలో అంకె అప్పటికే ఇంకా తగ్గి ఉంటుందనుకోవడమే మేలు. ప్లేట్‌లెట్లు ఎక్కించాక అంకె పెరిగింది కదా అని ధైర్యం చేయకండి, అది రెండు మూడు రోజుల ముచ్చట. బరువు తెలియాలంటే మీ బొటనవేలి గోరు చూడండి. ఒత్తుతుంటే గోరు కొస తెల్లబడిందంటే ఎక్కువైనట్టే. మూసిన కనురెప్ప మీద వేలు ఆనించినంత బరువు చాలు.

ప్లేట్‌లెట్లు బాగున్నా తాకకూడని సందర్భాలున్నాయి. ఒక కాలు మాత్రమే వాచి, వెచ్చగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు, ఆస్పరాజినేస్‌తో ఆ ముప్పు పెరుగుతుంది. ఆ కాలు ముట్టుకోకుండా ముందు డాక్టరుకు చూపించాలి. జ్వరం 100.4 దాటితే ఆ రోజు మర్దన ఊసెత్తకుండా ఆస్పత్రికి ఫోన్ చేయాలి. పిక్ లైన్ (మందులు ఎక్కించడానికి చేతి సిరలో ఉంచే సన్నటి గొట్టం) ఉన్న చేతికి నూనె వద్దు, డ్రెస్సింగ్ జిగురు ఊడిపోతుంది. పరీక్షకు బోన్‌మారో (ఎముక మజ్జ) తీసిన నడుము చోటు, ప్లీహం పెరిగి ఉంటే ఎడమ పక్కటెముకల కింద చోటు జోలికి పోకండి. సైటరబిన్ అనే కీమో మందు పెద్ద మోతాదులో ఇచ్చిన తర్వాత అరికాళ్ళు ఎర్రబడి మండుతుంటే రాపిడే శత్రువు, పట్టుకోవడం కూడా రోగి ఇష్టపడితేనే. విన్‌క్రిస్టిన్ అనే ఇంకో కీమో మందుతో తిమ్మిర్లు వచ్చిన పాదానికి పైపైన రాస్తే గిలిగింతలా చికాకు పుడుతుంది, కదలని అరచెయ్యి అయితే ఓర్చుకుంటారు.

మొదట్లో దీన్ని తెగ పొగిడిన మాట నిజం. నిద్ర పట్టిందని, వాంతులు తగ్గాయని చాలామందికి చెప్పాం. ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. నిద్ర మెరుగుపడిన వారమే, నిద్ర చెడగొట్టే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ రాత్రి మోతాదును పొద్దుటికి మార్చారు, ఆ ఘనతలో సగం దానిదే. వాంతులకు మణికట్టు దగ్గర ఒక బిందువును నొక్కి ఉంచే బ్యాండు వాడాం, హైదరాబాద్ కోఠి సర్జికల్ దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది. మణికట్టు మడత నుంచి రోగి సొంత మూడు వేళ్ళ వెడల్పు పైన, రెండు తీగల్లా తేలే స్నాయువుల (టెండన్ల) మధ్య దాని బొడిపె ఆనాలి. అదే సైకిల్‌లో వాంతుల మందు ఓండాన్‌సెట్రాన్‌కు తోడు ఓలాంజపైన్ అనే మందు కూడా ఇచ్చారు, కాబట్టి మెరుగుదల ఎవరిదో విడదీయలేం. కౌంట్లు తగ్గిన రోజుల్లో ఆ బొడిపె చర్మం మీద గుంట వదిలింది, దాంతో ఆ రోజుల్లో తీసేశాం. క్యాన్సర్ రోగుల మసాజ్ మీద 2016లో వచ్చిన, వైద్య అధ్యయనాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష కూడా, చదివిన అధ్యయనాలు చిన్నవి, ఆధారం బలహీనమని తేల్చింది.

తాకకుండా ఒంటికి పైన చేతులాడించి శక్తి ఎక్కిస్తామనేవాళ్ళు నగరంలో తారసపడతారు. మచ్చలు పడవు కాబట్టి మంచిదే కదా అనిపిస్తుంది. 1998లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఎమిలీ రోసా ప్రయోగంలో అలాంటి 21 మంది సాధకులు, తెర అవతల తమ ఏ చేతి దగ్గర ఇంకొకరి చెయ్యి ఉందో సరిగ్గా చెప్పింది 44 శాతమే. నాణెం ఎగరేసినా సగం కలుస్తుంది. దానికి డబ్బు కట్టమని చెప్పలేను. నిజంగా తగిలే వెచ్చటి అరచేతి సంగతి వేరు.

ఇంతకీ వాడమంటారా అంటే, మా పరిస్థితికి కుదిరింది. వేరే గది ఉంది, రోజూ ఒకే మనిషి చేసే వీలుంది, రిపోర్టు చదవగల చదువుంది. జనరల్ వార్డులో నలుగురు బంధువులు వంతులవారీగా వచ్చేచోట, ఎవరి చెయ్యి ఎంత బరువో చూసేవాళ్ళు లేనిచోట, పాదాల మర్దన మొదలుపెట్టమనడానికి మనసొప్పదు. అక్కడ చెయ్యి పట్టుకుని కూర్చోవడం చాలు. ఏ.ఎమ్.ఎల్. అనే ఇంకో రకం లుకేమియా ఇండక్షన్‌లో వారాల తరబడి కౌంట్లు అడుగున ఉంటాయి గనుక వాళ్ళకీ అదే మాట. మెయింటెనెన్స్‌కు వచ్చి కౌంట్లు నిలకడగా ఉన్నాక మాత్రం మా రోగి, మెథోట్రెక్సేట్ అనే కీమో మాత్ర వేసుకునే రాత్రి పది నిమిషాలు అడిగి మరీ చేయించుకునేవారు. మంచం దగ్గర గోడకు రిపోర్టు, దాని కింద పెన్నుతో రాసిన ఆ రోజు అనుమతి, "రాయొచ్చు" లేదా "పట్టుకోవడమే", చివరిదాకా ఉండేవి. చూడ్డానికొచ్చినవాళ్ళు ముందు అది చదివాకే కాళ్ళ దగ్గర కూర్చునేవారు.