స్పెయిన్ స్పానిషా, మెక్సికో స్పానిషా: ప్రయాణికులకు ఏది మేలు?

ప్రయాణం ఖాయమయ్యాక నాలుగు స్పానిష్ ముక్కలు నేర్చుకుందామని కూర్చుంటే మొదటి పాఠంలోనే తికమక మొదలవుతుంది. ఒక వీడియోలో కృతజ్ఞతకు ‘గ్రాథియాస్’ అంటారు, ఇంకో వీడియోలో ‘గ్రాసియాస్’ అంటారు. ఒకరు పళ్లరసాన్ని ‘థూమొ’ అని అడగమంటే మరొకరు ‘హూగొ’ అనమంటారు. ఇద్దరూ సరిగ్గానే చెప్తున్నారు. మొదటిది స్పెయిన్ తీరు, రెండోది మెక్సికో నుంచి చిలీ దాకా వినిపించే తీరు. పది రోజుల ప్రయాణం కోసం రెండూ నేర్చుకునే తీరిక ఎవరికి ఉంటుంది? అందుకే ముందు ఏది పట్టుకోవాలో తేల్చుకోవాలి.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. పలికే తీరు, మర్యాద మెక్సికో వైపువి నేర్చుకోండి, మీరు వెళ్లేది స్పెయిన్‌కే అయినా సరే. తిండి మాటలు మాత్రం ఏ దేశానికి వెళ్తే ఆ దేశానివే నేర్చుకోవాలి, అక్కడ రాజీ పనికిరాదు.

ముందు పలికే తీరు చూద్దాం. స్పెయిన్‌లో చాలా చోట్ల జెడ్ అక్షరాన్ని, ఇ, ఎ అచ్చుల ముందు వచ్చే సి అక్షరాన్ని నాలుక కొనను పళ్ల మధ్య పెట్టి, గాలి జారవిడుస్తూ పలుకుతారు. మన ‘థ’ దానికి దగ్గరగా ఉంటుంది కానీ అచ్చంగా అదే కాదు. లాటిన్ అమెరికా అంతటా ఆ చోట మామూలు ‘స’ వస్తుంది. స్పెయిన్‌లోనే కనారీ దీవుల్లో, దక్షిణాన అందలూసియాలో చాలా ఊళ్లలో ‘స’ అనే అంటారు. కాబట్టి మాద్రిద్ కొట్లో మీరు ‘గ్రాసియాస్’ అంటే ఎవరికీ వింతగా ఉండదు. ‘స’ పద్ధతిలో పన్నెండు అనే అంకె అచ్చం మన ‘దోసె’లాగే వినిపిస్తుంది, ఇక మరిచిపోమన్నా మరిచిపోరు. స్పెయిన్ తీరుకూ ఒక లాభం ఉంది. విన్న మాటను రాయాల్సి వచ్చినప్పుడు ఏ అక్షరమో చెవికే తెలిసిపోతుంది. భాషను ఏళ్ల తరబడి చదివేవాళ్లకు అది పనికొస్తుంది, ప్రయాణికులకు అంత అవసరం లేదు.

ఇక్కడ తెలుగువాళ్లకు ధైర్యం చెప్పాల్సిన సంగతి ఒకటుంది. స్పానిష్ మన నోటికి బాగా నప్పే భాష. త, ద మనం పలికినట్టే పళ్లకు తగులుతాయి. క, ప ఊపిరి ఒత్తకుండా వస్తాయి. చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. అమెరికన్లు తంటాలు పడే గట్టి ‘ర్ర’ మన ‘కుర్రాడు’లో ఉన్నదే. ‘పెరొ’ అంటే కానీ, ‘పెర్రొ’ అంటే కుక్క. ఆ తేడా మనకు విడిగా నేర్పక్కర్లేదు.

మర్యాద దగ్గరికి వస్తే విషయం ఇంకా తేలిక. వాళ్లకూ నువ్వు, మీరు ఉన్నాయి: ‘తు’, ‘ఉస్తెద్’. స్పెయిన్‌లో హోటల్ కుర్రాడితో, దుకాణదారుతో త్వరగా ‘తు’లోకి దిగిపోతారు. మెక్సికోలో, కొలంబియాలో పరిచయం లేనివాళ్లను, పెద్దవాళ్లను ‘ఉస్తెద్’ అనడమే పద్ధతి. బొగోతా వైపైతే ఇంట్లోవాళ్లను కూడా ‘ఉస్తెద్’ అనేవాళ్లున్నారు. స్పెయిన్‌లో ‘ఉస్తెద్’ అంటే కాస్త బిగుసుకున్నట్టు ఉంటుందేమో, ఎవరూ నొచ్చుకోరు. మెక్సికోలో ముసలావిడను ‘తు’ అంటే మాత్రం చురుక్కుమంటుంది. పలకరించాలంటే ‘దిస్కుల్పె’ (క్షమించండి, ఒక్క మాట), అడగాలంటే ‘మె ద ఉన్ కఫే, పోర్ ఫవోర్’ (ఒక కాఫీ ఇవ్వండి). ఈ రెండూ మీరు అనే రూపంలోనే ఉన్నాయి, ఎక్కడైనా చెల్లుతాయి. స్పెయిన్‌లో స్నేహితుల గుంపును పిలవడానికి ‘బొసోత్రోస్’ అని ఇంకో రూపం, దానికి వేరే క్రియలు ఉన్నాయి. లాటిన్ అమెరికాలో అది వాడరు, ‘ఉస్తేదెస్’తో సరిపెడతారు. నేర్చుకోవాల్సిన భారం అక్కడే సగం తగ్గింది.

మెక్సికో వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. కొట్లోకి అడుగు పెట్టగానే ‘బ్వేనోస్ దియాస్’ అనో, మధ్యాహ్నం దాటాక ‘బ్వేనాస్ తార్దెస్’ అనో అనకుండా నేరుగా ధర అడిగితే మొరటుగా ఉంటుంది. హోటల్లో భోంచేస్తున్నవాళ్ల బల్ల పక్కనుంచి వెళ్తూ, ముక్కూ మొహం తెలియకపోయినా, ‘ప్రొవేచొ’ అంటారు, కమ్మగా తినండి అన్న భావంతో. నాకు ఆ అలవాటు ఎంతో నచ్చుతుంది.

బస్సు, టాక్సీ మాటల్లో పొరపాటు పడితే నవ్వులపాలే. స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి ‘కొహేర్’ అంటారు, అక్కడ అది రోజూ వాడే మామూలు మాట. మెక్సికోలో, అర్జెంటీనాలో అదే మాట పచ్చి బూతు. ‘తొమార్’ అంటే రెండు వైపులా బాగానే ఉంటుంది, కనుక అదొక్కటే నేర్చుకోండి. టికెట్‌ను స్పెయిన్‌లో ‘బియ్యేతె’ అంటే మెక్సికోలో ‘బొలేతొ’ అంటారు. మెక్సికోలో ‘బియ్యేతె’ అంటే డబ్బు నోటు. తలుపుల మీద రాతలూ వేరే: లాగమని చెప్పడానికి స్పెయిన్‌లో ‘తిరార్’, మెక్సికోలో ‘హాలె’. మరుగుదొడ్డి ఎక్కడని అడగడానికి మాత్రం ‘దోందె ఎస్తా ఎల్ బాన్యొ’ అన్నిచోట్లా పని చేస్తుంది. స్నానాల గదిలో కుళాయి మీద సి అక్షరం ఉంటే చల్లనీళ్లనుకుని తిప్పకండి. ‘కలియెంతె’ అంటే వేడి, సి దానికి గుర్తు. ఎఫ్ ఉన్నది చల్లనిది.

ఇక తిండి. శాకాహారులు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. ‘సిన్ కార్నె’ (మాంసం లేకుండా) అని అడిగి ఊరుకుంటే సరిపోదు. చాలామంది దృష్టిలో ‘కార్నె’ అంటే ముఖ్యంగా గొడ్డు మాంసం, ఎర్ర మాంసం. కోడి, చేప, పంది తొడ మాంసం లెక్కలోకి రాకపోవచ్చు. స్పెయిన్‌లో మామూలు సలాడ్ మీద ‘అతూన్’ చేప వేసి తెస్తారు, పచ్చి బీన్స్ వేపుడులో ‘హమోన్’ (పంది తొడ మాంసం) ముక్కలుంటాయి, చల్లటి టమాటా సూప్ ‘సల్మొరేహొ’ మీద కూడా హమోన్, గుడ్డు చల్లుతారు. అందుకని స్పెయిన్ కోసం ‘సిన్ హమోన్, సిన్ అతూన్’ అని కంఠతా పట్టండి. అక్కడ ‘తొర్తియ్య’ అంటే బంగాళాదుంపల ఆమ్లెట్, మెక్సికోలో అదే పేరు మొక్కజొన్న రొట్టెది. గుడ్డు తిననివాళ్లకు ఇది చిన్న తేడా కాదు. భయం లేకుండా తినదగినవీ ఉన్నాయి: టమాటా రుద్దిన రొట్టె ‘పాన్ కోన్ తొమాతె’, నూనెలో వేయించి ఉప్పు చల్లిన ‘పద్రోన్’ మిరపకాయలు. స్పెయిన్‌లో వంటకాల పట్టిక కావాలంటే ‘లా కార్త’ అనాలి, ‘మెను’ అంటే ఆ పూట భోజనం సెట్ అనుకుంటారు.

మెక్సికోలో మాంసం చాలాసార్లు పైకి కనపడదు. ఉడికించిన చిక్కుడు గింజలు, ‘ఫ్రిహోలెస్’, తరచుగా ‘మంతేక’తో చేస్తారు, అంటే పంది కొవ్వు. అన్నం కోడి రసంలో ఉడికించడమూ మామూలే. ‘తియేనె మంతేక?’ (పంది కొవ్వు ఉందా?), ‘యేవ కాల్దొ దె పొయ్యొ?’ (కోడి రసం వేశారా?) అని అడిగి తీరాలి. ఈ మంతేక మాట అర్జెంటీనాలో వెన్నకు వాడతారు, కాబట్టి అక్కడ దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. మెక్సికోలో గుమ్మడి పువ్వుతో చేసిన ‘కెసదియ్య’ (లోపల కూరి మడిచిన రొట్టె) తిని చూడండి, గుమ్మడి పువ్వుల వేపుడు ఎరిగిన నాలుకకు కొత్త అనిపించదు. వీధిలో అమ్మే మొక్కజొన్న పొత్తు ‘ఎలోతె’ మీద నిమ్మరసం, కారం చల్లుతారు. మయొనేజ్ కూడా పూస్తారు, అందులో గుడ్డు ఉంటుంది, కాబట్టి ‘సిన్ మయొనేస’ అనండి.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారా? ఒంట్లో బాగాలేనప్పుడు, ఏదో తింటే పడదని వివరంగా చెప్పాల్సినప్పుడు ఫోన్ అనువాదమే నయం. రాసి చూపించండి. కానీ కిక్కిరిసిన సంతలో ‘క్వాంతొ క్వెస్త?’ (ఎంత?) అని అడిగి, వచ్చిన జవాబు చెవితో పట్టుకోవాలంటే అంకెలు రావాల్సిందే. అరవై ‘సెసేంత’, డెబ్బై ‘సెతేంత’. ఈ జంటను గట్టిగా పలుకుతూ సాధన చేయండి, బేరంలో ఎక్కువ తడబాటు ఇక్కడే.

డాలస్, హ్యూస్టన్ వైపు ఉండే మనవాళ్లకైతే ఎంపిక సమస్యే లేదు. పనివాళ్ల దగ్గరా, కొట్లలోనూ రోజూ చెవినపడేది ఎక్కువగా మెక్సికో స్పానిషే, మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్లినా అదే. నేను స్పెయిన్ తీరు నేర్చుకోమని చెప్పేది ఒక్కరికే: చదువుకో, ఉద్యోగానికో అక్కడ ఏడాది ఉండబోయేవాళ్లకు. వాళ్లకు తోటి విద్యార్థుల మధ్య ‘బొసోత్రోస్’ రాకపోతే మాట కలవదు. బార్సెలోనా అయితే బోర్డులు ముందు అక్కడి ప్రాంతీయ భాష కతలాన్‌లో కనిపిస్తాయి. బయటికి దారికి స్పానిష్‌లో ‘సలీద’ అని నేర్చుకుని వెళ్తే అక్కడ ‘సుర్తీద’ అని రాసి ఉంటుంది.