ఇంటి పక్క సముద్రంలో సస్పెన్స్: ‘ది రిడిల్ ఆఫ్ ది శాండ్స్’

జర్మనీలో హాంబర్గ్, బ్రేమెన్, ఓల్డెన్‌బుర్గ్ వైపు ఉండే తెలుగువాళ్ళు వారాంతాల్లో నోర్డర్నై దీవికి వెళ్ళి రావడం మామూలే. ఫెర్రీ కిటికీలోంచి కనిపించే ఆ బురద మేటల్లో నడిచే గూఢచారి నవల ఒకటి ఉందని మాత్రం చాలామందికి తెలియదు. ఎర్స్‌కిన్ చైల్డర్స్ ఇంగ్లీషులో రాసిన ఈ నవల 1903లో వచ్చింది. ఈ తీరం తెలిసినవాళ్ళకి ఇది రెట్టింపు రుచిస్తుంది, కానీ పక్కన మ్యాపు పెట్టుకుని చదివితేనే.

లండన్‌లో విదేశాంగ శాఖ ఉద్యోగి కరుథర్స్‌ని పాత స్నేహితుడు డేవిస్ బాతుల వేటకి రమ్మంటాడు. సూట్లు సర్దుకుని దిగిన కరుథర్స్‌కి షోకైన యాట్ బదులు ‘డల్సిబెల్లా’ ఎదురవుతుంది. పాత లైఫ్‌బోటుని మార్చి చేసిన ముప్పై అడుగుల తెరచాప పడవ అది. ఈ తీరంలోనే డేవిస్‌కి ఒకడు తప్పుడు దారి చూపి, ప్రాణం తీయబోయాడు. ఎందుకు? ఇంతకుమించి చెబితే మజా పోతుంది.

ఇందులో అసలు విలన్ ఆటుపోట్లు. నోర్డర్నై దగ్గర పోటుకీ ఆటుకీ నీటిమట్టంలో తేడా సుమారు రెండున్నర మీటర్లు. మన కాకినాడ వైపు ఇంత ఉండదు. నీరు తీయడానికి ఆరు గంటలు పట్టినా అది సమానంగా తీయదు. మొదటి గంటలో పన్నెండో వంతే తగ్గుతుంది, మూడు, నాలుగు గంటల్లో మాత్రం సగం నీరు వెళ్ళిపోతుంది. అందుకే ఇంకా లోతుందనుకున్న పాయ చూస్తుండగానే ఇసుక తేలుతుంది. పోటెక్కుతున్నప్పుడు పడవ మేట ఎక్కితే భయం లేదు, నీరే లేపుతుంది. ఆటు మొదలయ్యాక ఎక్కితే మళ్ళీ పోటు వచ్చేదాకా అక్కడే. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకి వచ్చే పెద్ద పోటు నెత్తిన చిక్కుకుంటే మరీ చిక్కు. ఆ తర్వాతి పోట్లు రోజురోజుకీ తగ్గుతాయి కాబట్టి మరో పెద్ద పోటు దాకా, అంటే రెండు వారాల దాకా, పడవ కదలకపోవచ్చు. డేవిస్ ఎప్పుడు బయల్దేరాలని పట్టుబడతాడో, ఎప్పుడు లంగరు వేస్తాడో ఈ లెక్కతోనే అర్థమవుతుంది.

నవలకి గుండెకాయ 21వ అధ్యాయం. దట్టమైన పొగమంచులో, చిన్న పడవలో, నోర్డర్నై నుంచి మెమర్ట్ దీవి దాకా ప్రయాణం. కరుథర్స్ తెడ్లు వేస్తుంటే డేవిస్ దిక్సూచి, గడియారం, కొక్కెం కర్రలతో దారి పడతాడు. దిక్సూచి ఒక్కటీ ఎందుకు చాలదంటే, అడ్డంగా గంటకి ఒక నాటికల్ మైలు (సుమారు 1.85 కి.మీ.) వేగంతో ప్రవాహం ఉన్నా అరగంటలో పడవ తొమ్మిది వందల మీటర్లు పక్కకి కొట్టుకుపోతుంది, ముక్కు మాత్రం సరైన దిక్కునే చూపిస్తుంది. అందుకని నీటి కింద మేట అంచుని కర్రతో పొడుచుకుంటూ దాని వెంబడే పోతాడు. తుపాకీ పేలకుండా ఇంత ఉత్కంఠ పుట్టించడం మామూలు విషయం కాదు. 1897లో చైల్డర్స్ తన ‘విక్సెన్’ పడవలో ఈ నీళ్ళలో తిరిగాడు. ఆ అనుభవం ప్రతి పేజీలో తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మొదటి అధ్యాయాలు బాల్టిక్ తీరంలో తీరిగ్గా సాగుతాయి, కథ కీల్ కాలువ దాటి ఎల్బ నదిలోకి వచ్చేదాకా ఓపిక పట్టాలి. క్లారా అనే అమ్మాయితో డేవిస్ ప్రేమ వ్యవహారం అతికించినట్టుంది. చివర్లో అన్నీ గబగబా తేలిపోతాయి. పడవ పరిభాష కూడా కాస్త బరువే.

అసలు పుస్తకంలో రెండు మ్యాపులు, రెండు చార్టులు (సముద్ర పటాలు) ఉన్నాయి. పాత రచన కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది కానీ, టెక్స్ట్ ఫైల్లో పటాలుండవు. ఫోన్‌లో చదివితే పటం చూడ్డానికి ముందుకీ వెనక్కీ పోలేక విసుగొస్తుంది. కొనేముందు పటాలు ఉన్నాయో లేదో చూసి అచ్చు ప్రతి తీసుకోండి, చార్టు ‘బి’ని జిరాక్స్ తీసి పక్కన పెట్టుకోండి. ఆ చార్టుని నేటి మ్యాపుతో పోల్చి చూడొచ్చు గానీ, ఇసుక జరిగిపోతూ ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మి నీళ్ళలోకి దిగకూడదు.

చదివాక చూడాలనిపిస్తే, బ్రేమెన్ నుంచి ఆర్‌ఈ 1 రైలు నేరుగా నోర్డ్‌డైష్ మోలే రేవు దాకా వెళ్తుంది, అక్కణ్ణుంచి నోర్డర్నైకి ఫెర్రీలో గంటలోపే. కథలో వచ్చే బెన్సర్‌జీల్‌కి రైలు లేదు, ఎసెన్స్‌లో దిగి బస్సెక్కాలి. మెమర్ట్ ఇప్పుడు పక్షుల రక్షిత ప్రాంతం, మామూలు సందర్శకులని దిగనివ్వరు. దాని పక్కనున్న యూస్ట్ దీవికి వెళ్ళే ఫెర్రీ పోటుని బట్టి రోజుకో వేళకి బయల్దేరుతుంది. ఒక్క రోజులో తిరిగి రావాలంటే ముందు ఆ తేదీ టైమ్‌టేబుల్ చూసుకోండి, కుదరకపోతే నోర్డర్నైకే టికెట్ తీసుకోండి.