మాస్కు సరిపోతుందా, దుమ్ము లాగే మెషిన్ పెట్టాలా?

విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట ఫర్నిచర్ షెడ్డు నడిపేవాళ్లు పొట్టు దుమ్ము అనగానే ముందు మాస్కులే కొంటారు. ఖర్చు తక్కువ, ఇవాళ తెస్తే ఇవాళే వాడొచ్చు. ఎన్95 అయితే సన్నని దుమ్మును కనీసం 95 శాతం ఆపుతుంది. కాకపోతే ముఖానికి బిగుతుగా అతుక్కోవాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి దుమ్ము దూరిపోతుంది. పైగా మే నెల బెజవాడ ఎండల్లో, రేకుల కింద, ఎంతసేపు ఉంచుకుంటారండీ? కాసేపటికే గడ్డం కిందికి జారుతుంది. జేబురుమాలు కట్టుకుంటే సన్నని దుమ్ముకు అది లెక్కే కాదు.

మెషిన్ ఖరీదే. కరెంటు, గొట్టాలు, ఫిల్టరు దులపడం, అదో పని. కానీ రంపం పళ్ల దగ్గరే, చెక్కను నున్నగా రుద్దే సాండర్ అడుగునే దుమ్మును పట్టేస్తుంది కాబట్టి పక్కన పాలిష్ వేసేవాడికీ మేలే. పొట్టు పేరుకోదు, కాలు జారడం, నిప్పంటుకోవడం తగ్గుతాయి. చెక్క దుమ్ముతో ముక్కు లోపల క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెప్పింది.

నన్నడిగితే ముందు సాండర్‌కు, ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) కోసే రంపానికి మెషిన్ పెట్టించండి. దాని సంచి ఖాళీ చేసేటప్పుడు మాస్కు ఎలాగూ కావాలి. సాయంత్రం కంప్రెసర్ గాలితో ఊదడం మాత్రం మానెయ్యాలి, అణిగిన దుమ్మంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది.