ఫ్రూట్ కస్టర్డా, ఖుబానీ కా మీఠానా?

రెండింటికీ కావలసినవి తేలిగ్గానే దొరుకుతాయి. తేడా సమయంలో ఉంది. సాయంత్రం చుట్టాలు వస్తున్నారని మధ్యాహ్నం తెలిస్తే కస్టర్డ్, ముందురోజే తెలిస్తే ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ.

కస్టర్డ్ పౌడరంటే ప్రధానంగా మొక్కజొన్న పిండి, రంగు, వనిల్లా వాసన. గుడ్డు ఉండదు. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ దీన్ని తయారుచేసింది గుడ్డు పడని భార్య కోసమే. అర లీటరు పాలకు రెండు పెద్ద చెంచాల పొడి చాలు. పొడిని చల్లని పాలలోనే కలపాలి, వేడి పాలలో వేస్తే ఉండలు కడుతుంది. ఉడికించిన కస్టర్డ్ పూర్తిగా చల్లారాకే పండ్లు వేయాలి. అరటి, ఆపిల్, ద్రాక్ష, దానిమ్మ బాగుంటాయి. పుచ్చకాయ నీరు వదులుతుంది. పచ్చి అనాసలోని ఎంజైమ్ పాలను చేదెక్కిస్తుంది, డబ్బాలోదైతే ఆ బాధ లేదు.

హైదరాబాదీ విందుల్లో కనిపించే ఖుబానీకి పనే తక్కువ, ఓపికే ఎక్కువ. ఎండు ఆప్రికాట్లను రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, అదే నీటిలో చక్కెరతో మెత్తగా ఉడికించడమే. గింజ పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది. తియ్యగా ఉంటేనే పైన చల్లండి, చేదుగా ఉంటే పారేయండి. గింజ తీసేసిన నారింజరంగు రకం కొంటే శ్రమ తగ్గుతుంది కానీ పులుపెక్కువ, గింజ ఉన్న గోధుమరంగు రకం రుచీ రాదు.

పిల్లలు కస్టర్డ్ గిన్నె ఖాళీ చేస్తారు. నా ఓటు మాత్రం ఖుబానీకే, పైన చల్లటి మీగడతో. ఫ్రిజ్‌లో పండ్లు వేసిన కస్టర్డ్ మర్నాటికి పలచబడుతుంది, ఇది ఇంకా చిక్కనవుతుంది.