డిస్ప్యూట్ ట్యాబ్‌లో ఆ ఆకుపచ్చ "రిజాల్వ్డ్": మూడేళ్లు వాడాక

లాగిన్, ఇన్‌వాయిస్ అప్‌లోడ్, గోదాం అపాయింట్‌మెంట్ సంగతులు రాయను. ఆన్‌లైన్ రిటైలర్‌కి పీఓ (కొనుగోలు ఆర్డరు) మీద సరుకు పంపేవాళ్లందరికీ అవి తెలిసినవే. నా కోపమంతా ఆ రిటైలర్ సప్లయర్ పోర్టల్‌లో, పేమెంట్‌లో పెట్టిన కోతల మీద మనం అభ్యంతరం చెప్పే డిస్ప్యూట్ ట్యాబ్ మీద, అందులోనూ "రిజాల్వ్డ్" (తేలిపోయింది) అనే ఒక్క మాట మీద.

మసాలా పొడుల లెక్క తీసుకోండి. 24 ప్యాకెట్ల కార్టన్లు 50, ప్యాకెట్ 85 రూపాయలు. గోదాంలో 40 కార్టన్లే స్కాన్ అయితే 240 ప్యాకెట్లు తక్కువ వచ్చాయని రిటైలర్ షార్టేజ్ క్లెయిమ్ పడుతుంది. 20,400, దానిమీద 5 శాతం జీఎస్టీ, వెరసి 21,420 పేమెంట్‌లో పట్టేసుకుంటారు. ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ పెట్టి డిస్ప్యూట్ వేస్తే ఆరు కార్టన్లు దొరికాయని 12,852 ఒప్పుకుంటారు. మిగతా 8,568 సంగతి ఔననరు, కాదనరు. స్టేటస్ మాత్రం "రిజాల్వ్డ్" అయిపోతుంది, పెండింగ్ ఫిల్టర్‌లోంచి ఆ నంబరు మాయమవుతుంది. మళ్లీ తెరవడానికి మూసిన రోజు నుంచి 30 రోజులే గడువు. ఆ తేదీ లిస్టులో కనపడదు, కేస్ హిస్టరీలో అట్టడుగున ఉంటుంది. నెలకోసారి చూసేవాళ్లకు అది దాటిపోయాకే తెలుస్తుంది.

ఒప్పుకున్న డబ్బైనా సాఫీగా రాదు. పేమెంట్ అడ్వైజ్‌లో ఇన్‌వాయిస్ నంబరుకు బదులు డిస్ప్యూట్ నంబరు ఉంటుంది. ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎంట్రీ వేసేవాళ్లు దాన్ని ఏ బిల్లుకూ ముడిపెట్టకుండా "ఆన్ అకౌంట్"లో పడేస్తారు. అప్పుడు బిల్లు మీద 21,420 బాకీ అలాగే నిలబడుతుంది, అసలు రావాల్సింది 8,568 అని ఎవరికీ కనపడదు.

దీనికి దారి ఎక్స్‌పోర్ట్ ఫైలులో ఉంది. స్క్రీన్ మీద లేని "అప్రూవ్డ్ అమౌంట్" కాలమ్ అందులో వస్తుంది. ప్రతి సోమవారం దించుకుని, క్లెయిమ్ మొత్తంలోంచి దాన్ని తీసేయండి. సున్నా కాని ప్రతి వరసా, స్టేటస్ ఏదున్నా, పెండింగే. పక్కనే మూసిన తేదీ, దానికి 25 రోజులు కలిపిన తేదీ, యూటీఆర్ నంబరు (బ్యాంకు చెల్లింపు నంబరు) రాసుకోండి. ఆ చివరి అయిదు రోజులు కాగితాలు వెతకడానికి కావాలి. ఎల్ఆర్ మీద గేటు స్టాంపు ఒక్కటే సరిపోదు, దించిన కార్టన్ల సంఖ్య చేత్తో రాయించి సంతకం పెట్టించాలి. పీఓలో కార్టన్లు, గోదాంలో ప్యాకెట్లు లెక్కేసిన సందర్భాల్లోనైతే కార్టన్ లేబుల్ ఫొటో కూడా జతచేయండి.

ఈమెయిళ్ల వెంట పడే పని తప్పిందని మొదటి ఏడాది ఈ ట్యాబ్‌ని మెచ్చుకున్నాను. షార్టేజ్ వరకు ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. బిల్లు రేటు, పీఓ రేటు కలవలేదని పడే ధర తేడా క్లెయిముల్లో కాదు. ధర మారాక పీఓ పేజీలో కొత్త రేటే కనిపిస్తుంది, పాతది ఉండదు. అందుకే పీఓ వచ్చిన రోజే పీడీఎఫ్ దాచుకోవాలి.

ఒక మేలు మాత్రం గట్టిది: క్లెయిమ్ పడ్డ తేదీ హిస్టరీలో చెరగదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇది చాలా అవసరం. ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం) ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితేనే, గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలన్న లెక్క ఆలస్యంగా మొదలవుతుంది. నలభయ్యో రోజున పడ్డ క్లెయిమ్‌కి ఆ బలం లేదు. ఆ తేదీ ఉన్న స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.

డిస్ప్యూట్ తేలకముందే వాళ్ల డెబిట్ నోట్ (కోత చూపే కాగితం) చూసి జీఎస్టీ క్రెడిట్ నోట్ (మన బిల్లునూ దానిమీది పన్నునూ తగ్గించే కాగితం) ఇచ్చేయకండి, ఇస్తే షార్టేజ్ ఒప్పుకున్నట్టే వాదిస్తారు. అలాగని నానబెట్టనూ వద్దు. సరుకు పంపిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే, లేదా వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేసేస్తే, ఆ పన్ను తగ్గించుకోలేం.

నెలకి 30, 40 ఇన్‌వాయిస్‌లు, అయిదారు డిస్ప్యూట్లు ఉండే మాలాంటి చోట సోమవారం ఒక గంట కేటాయిస్తే ఈ ట్యాబ్‌తో నెట్టుకురావచ్చు. వందల్లో ఉంటే, లేదా అకౌంట్స్ బయటివాళ్లకి ఇచ్చేసి ఉంటే, నా మాట పట్టుకుని దీనిమీదే ఆధారపడకండి. "రిజాల్వ్డ్" పక్కన ఒప్పుకున్న మొత్తం కూడా స్క్రీన్ మీదే చూపించేదాకా నేనైతే ఎక్సెల్ షీటు మానను.